గ్లిజరిన్ సీసా మీద ‘వెజిటబుల్’ అని ఉంటే చాలా?

గ్లిజరిన్ శుద్ధి చేసే యూనిట్‌లో, నాణ్యత పరీక్షల ల్యాబ్‌లో నా ఉద్యోగం. అందుకని చలికాలం వచ్చిందంటే మా చుట్టాలందరికీ నా నంబరు గుర్తొస్తుంది. పెదాలకు రాయొచ్చా, తలకు పెట్టొచ్చా, షుగరున్నవాళ్లు తినొచ్చా. ఈమధ్య ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతున్న మా మరదలు ఫోన్ చేసి, “బావా, ఐసింగ్ గట్టిపడకుండా గ్లిజరిన్ వేస్తారంట కదా. వెజిటబులే కొన్నాలే, భయం లేదుగా?” అంది. సీసా ఫొటో పెట్టమన్నాను. అది వచ్చేలోగా, నేను రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మొక్కల గ్లిజరిన్ వేరు, మామూలు గ్లిజరిన్ వేరు.

శుద్ధి అయ్యాక రెండూ ఒకటే. కొబ్బరి నూనె అయినా, పశువుల కొవ్వయినా లోపలి కట్టుబడి ఒక్కటే: ఒక గ్లిజరిన్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. ఆ అతుకు విడదీయడమే మా పరిశ్రమ అంతా. 1779లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే ఆలివ్ నూనెను సీసపు (లెడ్) భస్మంతో కాచినప్పుడు తియ్యటి ద్రవం ఒకటి బయటపడింది. అదే ఇది.

ఇప్పుడు అతుకు విడదీసే దారులు మూడు. నూనెను కాస్టిక్ సోడాతో ఉడికించి ఉప్పు వేస్తే సబ్బు పైకి తేలుతుంది, గ్లిజరిన్ అడుగున ఉప్పునీళ్లలో మిగులుతుంది. 250 డిగ్రీల వేడిలో, మామూలు గాలికి దాదాపు 50 రెట్ల ఒత్తిడిలో ఉత్త నీళ్లతోనే నూనెను చీల్చేది రెండో దారి. అందులో గ్లిజరిన్ కలిసి దిగే నీటిని మావాళ్లు ‘స్వీట్ వాటర్’ అంటారు. నూనెలో మిథనాల్ కలిపి బయోడీజిల్ చేయడం మూడోది. టన్ను బయోడీజిల్‌కు దాదాపు 100 కిలోల ముడి గ్లిజరిన్ వస్తుంది. ఏలూరు వైపో, అశ్వారావుపేట వైపో ఆయిల్ పామ్ గెలలు చూసినవాళ్లకు ఇలా చెబితే అర్థమవుతుంది: ఆ గెల పిండిన నూనె బరువులో సుమారు పదో వంతు గ్లిజరినే.

ముడి సరుకు చూస్తే ముఖానికి రాసుకోవాలని ఎవరికీ అనిపించదు. బెల్లం పాకం రంగు, లోపల ఉప్పు, సబ్బు, మిథనాల్. దాన్ని మరిగించి ఆవిరి పట్టి తేర్చాలి. కానీ గ్లిజరిన్ మరిగేది 290 డిగ్రీల దగ్గర, ఆ వేడికి అదే విరిగిపోతుంది. బజ్జీల మూకుడు మాడినప్పుడు కళ్లు మండించే ఘాటు పొగ వస్తుందే, అందులో ఉండే అక్రోలిన్ గ్లిజరిన్ విరిగితే పుట్టేదే. అందుకే లోపలి గాలి లాగేసి, తక్కువ వేడికే మరిగేలా చేస్తాం. తర్వాత కార్బన్ మీదుగా పంపితే రంగు, వాసన పోతాయి. చివరికి 99.5 శాతం పైన స్వచ్ఛతతో నీళ్లలా తేటగా దిగుతుంది. అప్పుడది కొబ్బరిదో, పామాయిల్‌దో, కొవ్వుదో మామూలు స్వచ్ఛత పరీక్షలకు అందదు. శాకాహారులకూ, మతపరమైన పట్టింపు ఉన్నవాళ్లకూ అది ఎక్కడినుంచి వచ్చిందన్నది ముఖ్యమే, కాదనను. చర్మానికి మాత్రం ఆ తేడా లేదు.

అపోహ: మొక్కల నుంచి వచ్చింది కాబట్టి ప్రమాదం లేదు.

నాకు చిరాకు తెప్పించే మాట ఇది. గ్లిజరిన్ చరిత్రలో జనం చనిపోయిన పెద్ద ఘటనల్లో ప్రాణం తీసింది గ్లిజరిన్ కాదు, దాని పేరుతో వచ్చిన డైఇథిలీన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక రసాయనం. అదీ రంగు లేనిదే, తియ్యనిదే, చిక్కనిదే, పైగా చవక. తాగితే కిడ్నీలు దెబ్బతింటాయి. 1986లో ముంబై జేజే ఆస్పత్రిలో అది కలిసిన గ్లిజరిన్ తాగించడంతో 14 మంది చనిపోయారు. దాని మీద జస్టిస్ లెంటిన్ కమిషన్ విచారణ జరిపింది. 1995-96లో హైతీలో పిల్లల జ్వరం సిరప్‌లోకి, 2006లో పనామాలో దగ్గు మందులోకి ఇదే వచ్చింది. పనామాకు చేరిన పీపాలు గ్లిజరిన్ అన్న కాగితాలతోనే దేశాలు దాటాయి. దారిలో ఎవరూ మూత తీసి సరిగ్గా పరీక్షించలేదు.

మా ల్యాబ్ బల్ల మీద ఇది ఎలా ఉంటుందో చెబుతాను. 200 లీటర్ల డ్రమ్ములో గ్లిజరిన్ 250 కిలోలు తూగుతుంది, నీటికన్నా అంత బరువు. వెలుతురు ఎంత వంగుతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద ఒక చుక్క వేస్తే 1.47 పైన చూపాలి. ఒకసారి ఒక డీలర్ దగ్గరినుంచి వచ్చిన డ్రమ్ము 1.46 చూపింది. కొత్తగా చేరిన కుర్రాడు “చెమ్మ పట్టింది సార్, రాసేయనా?” అన్నాడు. గ్లిజరిన్ గాల్లో తేమను పీలుస్తుంది, మూత వదులుగా ఉంటే చాలు, కాబట్టి అతను అన్నదాంట్లో తప్పు లేదు. కానీ నీళ్లు కలిసినా, గ్లైకాల్ కలిసినా ఆ అంకె పడిపోతుంది. ఏది కలిసిందో అద్దం చెప్పదు. కలిసినవాటిని విడదీసి చూపే గ్యాస్ క్రోమటోగ్రఫీలో పెట్టి చూశాం. నీళ్లే. అయినా, గ్లైకాలై ఉంటేనో అన్న తలపుతో ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. మందుల్లో వాడే గ్లిజరిన్‌లో ఆ గ్లైకాల్ 0.1 శాతం మించకూడదు. ఏ బ్యాచ్‌కు ఆ బ్యాచ్ విడిగా పరీక్షించాల్సిందే.

అపోహ: ఇది చక్కెర కాదు కదా, ఎంత తిన్నా ఫరవాలేదు.

గ్రాముకు సుమారు 4.3 కేలరీలు, అంటే చక్కెర కన్నా కాస్త ఎక్కువే. తీపి మాత్రం చక్కెరలో 60 శాతం. రక్తంలో షుగరును నెమ్మదిగా పెంచుతుందన్నది నిజమే, అలాగని లెక్కలోంచి తీసేయకూడదు. ఎక్కువ తింటే విరేచనాలు, తలనొప్పి. బ్రిటన్‌లో చక్కెర తగ్గించిన స్లష్ పానీయాలు (మెత్తటి మంచు పలుకులుండే చల్లటి పానీయాలు) గడ్డకట్టకుండా గ్లిజరిన్ కలుపుతారు. అవి తాగిన చిన్నపిల్లల్లో కొందరికి షుగరు పడిపోయి స్పృహ తప్పింది. దాంతో అక్కడి ఆహార భద్రతా సంస్థ 2025లో, ఏడేళ్లలోపు పిల్లలకు అవి ఇవ్వొద్దని చెప్పింది.

అపోహ: చిక్కగా రాస్తేనే చర్మం మెత్తబడుతుంది.

అది నీటిని లాగే పదార్థం. పొడి గాలిలో, పొడి చర్మం మీద అచ్చంగా పూస్తే నీటిని లోపలి పొరల నుంచే లాగొచ్చు. ఒక వంతు గ్లిజరిన్‌కు నాలుగైదు వంతుల పన్నీరు (రోజ్ వాటర్) కలిపి, స్నానమయ్యాక ఒంటి తడి ఆరకముందే రాయండి. కలిపింది ఫ్రిజ్‌లో పెట్టుకుని వారంలో వాడేయండి. అచ్చమైన గ్లిజరిన్‌లో సూక్ష్మజీవులు పెరగలేవు గానీ, పలచన చేసిన దాంట్లో హాయిగా పెరుగుతాయి. రాస్తే నల్లబడతారన్నది ఉత్త మాట. జిగురుకు దుమ్ము అంటుకుంటుంది, అంతే.

అపోహ: పసిపిల్లల నాలుక మీది తెల్లపూతకు బోరో గ్లిజరిన్ మంచిది.

వద్దు. అందులోని బోరాన్ పదార్థం పసివాళ్లకు విషం. అమ్మమ్మలు వాడారని వాడకండి, డాక్టరుకు చూపించండి.

అపోహ: గ్లిజరిన్ పేలుతుంది.

పేలేది నైట్రోగ్లిజరిన్, అది వేరే పదార్థం. (గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే కొన్ని మాత్రల్లోనూ అదే ఉంటుంది.) గ్లిజరిన్ అంత తేలిగ్గా అంటుకోదు. ఒక్క జాగ్రత్త: పొటాషియం పర్మాంగనేట్ పలుకుల మీద పడితే కాసేపట్లోనే దానంతటదే భగ్గుమంటుంది. పుండ్లు కడగడానికని ఆ పొట్లం ఇంట్లో ఉంటే, ఈ సీసా ఉన్న అరలో పెట్టకండి.

ఇంతలో మరదలి ఫొటో వచ్చింది. ముందు వైపు ఆకుపచ్చ ఆకు బొమ్మ, పెద్దక్షరాల్లో వెజిటబుల్ గ్లిజరిన్. వెనక్కి తిప్పి ఇంకో ఫొటో పెట్టమన్నాను. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘పైపూతకు మాత్రమే’ అని ఉంది. మన ఆహార భద్రతా సంస్థ లైసెన్సు నంబరు లేదు, ఆహారంలో వాడే గ్లిజరిన్‌ను సూచించే ఐఎన్‌ఎస్ 422 అన్న మాటా లేదు.

“ఇది కాళ్ల పగుళ్లకు పెట్టుకో. కేకుకు ఫుడ్ గ్రేడ్‌ది వేరే కొను” అన్నాను.

“ఆర్డరు రేపు పొద్దున్నే బావా,” అంది.

“అయితే రేపటి కేకుకు గ్లిజరిన్ మానెయ్. ఐసింగ్ కాస్త గట్టిగా ఉంటుంది, అంతేగా.”