ఉడికిన రొయ్య రంగులో ఒక కాలణా

"తాతగారి పెట్టెలో దొరికింది సార్, మీకు చూపిద్దామని చింతపండుతో తోమి తెచ్చాను." మొన్న ఒకాయన ఇలా అనగానే నాకు నీరసం వచ్చింది. అది 1930 నాటి కంచు కాలణా నాణెం. జార్జి రాజు కిరీటంలో రాళ్లు, గడ్డంలో వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. కానీ ఒళ్లంతా ఉడికిన రొయ్యలా లేత గులాబీ రంగు.

అపోహ: తోమితే విలువ పెరుగుతుంది.
వాస్తవం: పడిపోతుంది. మన దేశంలో 1906 నుంచి కాలణా, దమ్మిడీ లాంటి చిల్లరను రాగికి బదులు కంచుతో ముద్రించారు. టంకశాల నుంచి వచ్చినప్పుడు ఎర్రగా మెరిసే కంచు, గాలి తగిలి ఏళ్ల తరబడి చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. నాణెం ఎంత బాగా ఉందో చెప్పే గ్రేడ్ రాసేటప్పుడు ఎరుపు, ఎరుపు-గోధుమ, గోధుమ అని రంగు కూడా రాసేది అందుకే. చింతపండు పులుపు ఆ పొరను కరిగించేస్తుంది. పీచుతో రుద్దారా, బల్బు కింద వంచి లెన్స్‌తో చూస్తే వెంట్రుకవాసి గీతలు ఒకే దిక్కుకు కనిపిస్తాయి. బొమ్మ ఎంత బాగున్నా దానికి 'కడిగినది' అన్న పేరు పోదు.

అపోహ: పచ్చగా ఉంటే చిలుము పట్టినట్టే, గీకేయాలి.
వాస్తవం: పచ్చలో రకాలున్నాయి. నున్నగా, గట్టిగా అంటుకున్న ముదురు పచ్చ చాలావరకు హాని చేయదు. భయపడాల్సింది లేత పచ్చ పొడికి. టూత్‌పిక్ తగిలించగానే రాలి, కింద చిన్న గుంట కనిపిస్తే అది కంచు జబ్బు. లోహంలో చేరిన క్లోరైడ్, గాలిలో తేమ కలిసి నాణేన్ని తినేస్తుంటాయి. వానాకాలంలో ఇది త్వరగా ముదురుతుంది. అలాంటిదాన్ని విడిగా, సిలికా జెల్ పొట్లంతో పొడి డబ్బాలో పెట్టి, తెలిసినవాళ్లకు చూపించండి.

జిగురుగా ఉండే పచ్చ వేరు. అది నాణేలు దాచే పీవీసీ ప్లాస్టిక్ కవర్ల పుణ్యం. స్వచ్ఛమైన అసిటోన్‌లో నానబెడితే వదులుతుంది, రుద్దక్కర్లేదు. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వద్దు, అందులో ఇంకేవేవో కలుపుతారు.

అపోహ: బొమ్మ చదునుగా ఉంటే అరిగిపోయినట్టే.
వాస్తవం: 1943-47 మధ్య వచ్చిన చిల్లు కాణీలు చూడండి. కొన్నిటికి కిరీటం మొదటే సరిగా అచ్చు పడలేదు. అరిగితే ఎత్తైన చోట్ల రంగు మారుతుంది, మెరుపు తెగిపోతుంది. అచ్చు పడకపోతే బొమ్మ లేకపోయినా మెరుపు ఉంటుంది. కొత్తవాళ్లు ఇక్కడే మోసపోతారు, నేనూ పోయాను. చిల్లు అంచు కూడా చూడండి. బోల్టుకు వాషర్‌గా బిగించి వాడినవాటికి దాని చుట్టూ గుండ్రటి ఒరుపు ఉంటుంది.

అపోహ: పాతదైతే లక్షలొస్తాయి.
వాస్తవం: రావు. ఈస్టిండియా కంపెనీవారి 1835 కాలణాలు ఇప్పటికీ కుప్పలుగా దొరుకుతాయి. సీతారాములున్న '1818 అర్ధణా' అయితే అసలు నాణెమే కాదు, తర్వాతి కాలపు తయారీ. పాత నాణేల బేరానికి రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి కమిషన్ అడిగే మెసేజ్‌లూ మోసమే. తమకు సంబంధం లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది.

పోతూ పోతూ ఆయన, ఇంట్లో ఇంకో పదిహేను ఉన్నాయి సార్ అన్నారు. చేతులు జోడించి, తుడవకుండా తెమ్మన్నాను.