సాయంత్రం పూజ వచ్చాక పోయిన విశ్రాంతి: కాథలిక్ గురువుల వారపు సెలవు వెనుక కథ

పోప్ 14వ లియో గారు సోమవారం సాయంత్రం వాటికన్ నుంచి పోపుల వేసవి విడిది అయిన కాస్టెల్ గండోల్ఫోకు బయలుదేరతారు. మంగళవారం అక్కడే గడిపి రాత్రికి తిరిగొస్తారు. 2025 సెప్టెంబరు నుంచి వీలైన వారాల్లో ఇదే వరస. ఆ నవంబరులో అక్కడ ఏం చేస్తారని విలేకరులు అడిగితే ఆయన దాపరికం లేకుండా చెప్పారు: కాస్త టెన్నిస్, కాస్త ఈత, కొంత చదువు, కొంత పని. మనిషి ఒంటినీ ఆత్మనూ రెండింటినీ చూసుకోవాలని, వారంలో ఈ విరామం తనకు చాలా మేలు చేస్తోందని అన్నారు. అప్పటినుంచి ఆయన మంగళవారం ప్రయాణం వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ పాత ప్రశ్న మళ్లీ పైకొస్తోంది. జగద్గురువుకు వారానికో రోజు విశ్రాంతి అవసరమైతే, ముప్పై నలభై ఏళ్ల వయసులో ఒంటరిగా విచారణ, అంటే పారిష్, మోస్తున్న ఫాదర్ గారికి అక్కర్లేదా?

పోపుల వేసవి విడిది గురించి చాలామందికి తెలుసు కాబట్టి అక్కడ ఆగను. ఒక్క మాట మాత్రం చెప్పాలి, ఎందుకంటే సెలవు వద్దనేవాళ్లు ఎక్కువగా పట్టుకునేది దాన్నే. పోప్ ఫ్రాన్సిస్ కాస్టెల్ గండోల్ఫోలో సెలవులు గడపలేదు. ఊరు వదిలి సెలవుకు వెళ్లడం 1975లో తన గురువుల సంస్థ అయిన జెస్విట్ సహోదరులతోనే ఆఖరు అని 2014లో కొరియా నుంచి తిరిగొస్తూ విమానంలో చెప్పారు. ‘‘ఆయనకు లేని సెలవు మీకెందుకు ఫాదర్? గురుత్వం ఉద్యోగం కాదు కదా, డ్యూటీ దిగి ఇంటికి పోవడానికి’’ అనే మాట అక్కడినుంచే పుడుతుంది. ఆ మాటలో భక్తి ఉంది, కాదనను. అయితే ఫ్రాన్సిస్ గారు కూడా జూలైలో సామాన్య దర్శనాలు ఆపుకుని, ఉన్నచోటే పని తగ్గించుకునేవారు. ఊళ్లో ఒక్కడే ఉన్న విచారణ కర్తకు ఆ వీలు కూడా ఉండదు.

నా ఉద్దేశంలో ఈ గొడవంతా అర్థం కావాలంటే చూడాల్సిన తేదీ 1953 జనవరి 6.

అంతకుముందు గుడిలో పూజ (మాస్) అంటే పొద్దున పూటే. 1917 నాటి కానన్ లా (కాథలిక్ సభ చట్టం) 821వ సూత్రం ప్రకారం తెల్లవారడానికి గంటకు మించి ముందు పూజ మొదలుపెట్టకూడదు, మధ్యాహ్నం ఒంటిగంట దాటాకా మొదలుపెట్టకూడదు. దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకునేవాళ్లు అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. పూజ చేసే గురువుకూ అదే నియమం. ఆదివారం రెండు పూజలున్న ఫాదర్ గారు రెండోది అయ్యేదాకా గొంతు తడుపుకోకుండా నిలబడాల్సిందే. అది తేలికైన బతుకని ఎవరూ అనలేరు. శనివారం పాపసంకీర్తనాలు (కన్ఫెషన్లు), సాయంత్రం ఆశీర్వాదం, రోగుల దగ్గర నుంచి పిలుపులు అప్పుడూ ఉన్నాయి. కానీ రోజులోని పెద్ద పని మధ్యాహ్నానికల్లా ముగిసేది. చట్టమే ఆ గీత గీసింది. ఆ గీత దాటి పూజ అడిగే హక్కు ఎవరికీ లేదు, అడిగినా చేసే అధికారం గురువుకు లేదు.

12వ భక్తినాథ పోపు గారు, అంటే పయస్, ఆ రోజు ఇచ్చిన ఆజ్ఞతో ఆ గీత చెరిగింది. ఫ్యాక్టరీల్లో, రేవుల్లో షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు పొద్దున గుడికి రాలేకపోతున్నారని, వాళ్లకోసం సాయంత్రం నాలుగు తర్వాత పూజ పెట్టుకోవచ్చని మేత్రాణులకు (బిషప్పులకు) అనుమతి ఇచ్చారు. మంచినీళ్లతో ఉపవాసం చెడదన్నారు. నాకు ఎక్కువ ముఖ్యంగా తోచేది ఇంకోటి. ఆ పత్రంలో గురువుల అలసట ప్రస్తావన స్పష్టంగానే ఉంది. గురువులు తక్కువయ్యారు, పని పెరిగింది, దూరాలు నడవాల్సి వస్తోంది, ఒకే రోజు రెండు మూడు పూజలు చేయాల్సి వస్తోంది అని గుర్తించారు. ఆ అలసటకు ఇచ్చిన మందు ఉపవాసంలో సడలింపు. ఫాదర్ గారు ఇక ఏదైనా తాగి పూజకు నిలబడవచ్చు. విశ్రాంతిగా కూర్చునే రోజు గురించి అందులో లేదు.

తర్వాత సడలింపులు వేగంగా వచ్చాయి. 1957లో సాయంత్రం పూజ ఏ రోజైనా పెట్టుకునే వీలొచ్చింది, ఉపవాసం మూడు గంటలకు దిగింది. 1964లో అది గంటకు తగ్గింది. 1967 నాటికి ఆదివారం బాధ్యతను శనివారం సాయంత్రమే తీర్చుకునే పద్ధతికి, రోమ్ అనుమతి ఉన్న చోట్ల, దారి ఏర్పడింది. 1983 నాటి కొత్త సభ చట్టం 1248వ సూత్రం దాన్ని అందరికీ వర్తింపజేసింది. ప్రతి మార్పూ విశ్వాసులకు మేలు చేసిందే. నర్సు, బస్సు డ్రైవరు, కూలీ, అందరికీ గుడి దగ్గరైంది. గురువు వైపు నుంచి చూస్తే మాత్రం ఆదివారం పని శనివారం సాయంత్రానికి ముందుకూ, ఆదివారం రాత్రికి వెనక్కూ సాగింది. మామూలు రోజుల సాయంత్రాలు కూడా నిండిపోయాయి.

దీని ప్రభావం మన తెలుగు ఊళ్లలో ఎంతో చూడండి. పొద్దున మాత్రమే పూజ ఉన్న కాలంలో, ఇంగ్లండు మిల్ హిల్ సంస్థ ఫాదర్లు కానీ మిలాన్ నుంచి వచ్చిన ఇటలీ ఫాదర్లు కానీ ఒక ఊళ్లో పూజ చేయాలంటే ముందురోజే అక్కడికి చేరి రాత్రి పడుకోక తప్పేది కాదు. పొద్దున పూజ చేసుకుని ఇంకో ఊరికి కదలాలి. రోజుకు వెళ్లగలిగే ఊళ్లకు ఒక హద్దు ఉండేది. సాయంత్రం పూజ, దాని వెనకే మోటార్ సైకిలూ వచ్చాక ఆ హద్దు లేకుండా పోయింది.

ఇప్పుడు ఒక మామూలు రోజు ఎలా ఉంటుందంటే, మిరపకాయ కోతకో పత్తి తీయడానికో పోయినవాళ్లు ఇల్లు చేరి స్నానాలు, వంటలు ముగించేసరికి ఏడున్నర. అప్పుడు ఉపదేశి (ఊళ్లో ప్రార్థనలు నడిపే వ్యక్తి) గంట కొడతాడు. జనం చేరి పూజ మొదలయ్యేసరికి ఎనిమిది దాటుతుంది. పూజయ్యాక ఫలానా వాళ్ల కొత్తింటికి ఆశీర్వాదం, మంచం దిగలేని ముసలావిడకు సత్ప్రసాదం, అన్నదమ్ముల తగాదా ఒకటి. ‘‘ఫాదర్ గారూ, రెండు ముద్దలు తిని పోండి’’ అంటే కాదనలేరు. పది గంటలప్పుడు పూజ సామాను పెట్టె వెనక కట్టుకుని బండి స్టార్ట్ చేస్తారు. మర్నాడు ఆరింటికి విచారణ గుడిలో పూజ. అదయ్యాక ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్ మిషన్) బడి, అక్కడ కరస్పాండెంట్ ఆయనే. హాస్టలు పిల్లల బియ్యం లెక్క కూడా ఆయన నెత్తినే. సహాయక గురువు ఉన్న విచారణల్లో ఇదంతా ఇద్దరు పంచుకుంటారు, లేనిచోట ఒక్కరే.

సెలవు గురించి చట్టం ఏం చెబుతుందో ఇప్పుడు చూస్తే, అందులోని వెలితి కనిపిస్తుంది. దాని మూలం 1563 నాటి త్రెంతు (ట్రెంట్) మహాసభలో, అంటే మేత్రాణుల పెద్ద సమావేశంలో ఉంది. అప్పటి బాధ వేరు. విచారణ ఆదాయం తీసుకుంటూ ఆ విచారణలో అడుగు పెట్టని గురువులు యూరప్‌లో చాలామంది ఉండేవారు. వాళ్లను కట్టడి చేయడానికి, గట్టి కారణం లేకుండా రెండు నెలలు దాటి విచారణ వదిలి ఉండరాదని మహాసభ కట్టుదిట్టం చేసింది. 1917 చట్టం 465వ సూత్రం ఆ రెండు నెలల హద్దునే నిలబెట్టింది. గురువు ఎన్ని రోజులు లేకుండా పోవచ్చు అన్నదే ఆ నియమాల ధ్యాస. ఎంత విశ్రాంతి కావాలన్నది వేరే ప్రశ్న, దాన్ని ఎవరూ వేయలేదు.

ఆ ప్రశ్న మొదటిసారి గట్టిగా వినిపించింది రెండో వాటికన్ మహాసభలో. 1965 డిసెంబరు 7న వెలువడిన గురువుల జీవిత పత్రం 20వ పేరాలో, గురువులకిచ్చే భృతి ఏటా తగినంత సెలవు తీసుకోవడానికి సరిపోవాలని, ఆ సెలవు వాళ్లకు దొరికేలా మేత్రాణులే చూడాలని రాశారు. జీతం మాటల్లో భాగంగా వచ్చినా అది పెద్ద అడుగు. 1983 చట్టం 283వ సూత్రం దాన్ని హక్కుగా రాసింది. కానీ అదే చట్టం 533వ సూత్రంలో విచారణ కర్త సెలవు ఏడాదికి ఎక్కువలో ఎక్కువ ఒక నెల అంది. అంతకుముందున్న రెండు నెలల్లో సగం. ధ్యానవడకం (ఏకాంత ప్రార్థన) రోజులు ఇందులోకి రావు. వారం మించి ఊరు వదిలితే మేత్రాణులకు చెప్పాలి. సహాయక గురువులకూ ఇంతే సెలవని 550వ సూత్రం చెబుతుంది.

ఏడాది సెలవు గురించి ఇంత వివరంగా చెప్పిన చట్టం వారపు సెలవు గురించి ఏమీ చెప్పదు. పొద్దున పూజతో రోజు తేలికపడే కాలంలో పుట్టిన లెక్క ఇది. సాయంత్రాలు కూడా నిండిపోయాక కొత్త లెక్క వేయాల్సింది. ఎవరూ వేయలేదు కాబట్టి ఎవరి మేత్రాసనం (డయోసిస్) ఆచారం వాళ్లది. అమెరికాలోని చాలా మేత్రాసనాల్లో వారానికో రోజు సెలవని రాతలోనే ఉంటుంది. సోమవారం పూజ లేని విచారణలు అక్కడ ఎన్నో. మన తెలుగు మేత్రాసనాల నుంచి వెళ్లి అక్కడ సేవ చేస్తున్న గురువులకూ ఆ రోజు దొరుకుతుంది. అదే గురువు తిరిగొచ్చి ఇక్కడ విచారణ తీసుకుంటే, సోమవారం గది తలుపు వేసుకుని పడుకోవడానికి తనలో తానే నొచ్చుకునే పరిస్థితి.

రాతలో ఉన్నంత మాత్రాన అలసట పోతుందని కాదు. వాషింగ్టన్‌లోని కాథలిక్ యూనివర్సిటీ ఆఫ్ అమెరికా 2022లో వెల్లడించిన అధ్యయనంలో 3,500 మందికి పైగా గురువులు పాల్గొన్నారు. వాళ్లలో 45 శాతం మందిలో తీవ్ర అలసట లక్షణాల్లో కనీసం ఒకటి కనిపించింది. 9 శాతం మంది పరిస్థితి మరీ తీవ్రం. వారానికో సెలవున్న దేశం లెక్క ఇది. లేనిచోట టెన్షన్ ఎంతుంటుందో ఊహించుకోవచ్చు.

పోప్ ఫ్రాన్సిస్ ఈ అలసటను పట్టించుకోలేదనడం అన్యాయం. 2015 ఏప్రిల్ 2న పవిత్ర గురువారం తైలాల పూజలో ఆయన ప్రసంగమంతా గురువుల అలసట మీదే. జనంలో తిరిగి వచ్చే అలసట వేరు, శత్రువుతో పోరాడి వచ్చే అలసట వేరు, తన మీద తనకే విసుగొచ్చి కలిగే అలసట వేరని విడదీసి చెప్పారు. మొదటిదాన్ని ఆశీర్వదించారు, చివరిదాని విషయంలో హెచ్చరించారు. ఖరీదైన సరదాల్లో విశ్రాంతి వెతుక్కోవద్దనీ అన్నారు. సెలవు అడిగేవాళ్లూ, వద్దనేవాళ్లూ ఇద్దరూ ఆ ప్రసంగాన్నే చూపిస్తారు. నాకైతే ఆయన మాటల్లో ఎక్కడా ‘విశ్రమించకండి’ అన్న అర్థం కనిపించలేదు. అపోస్తలులు తినడానికి కూడా తీరిక లేకుండా ఉన్నప్పుడు వాళ్లను పక్కకు పిలిచి అలసట తీర్చుకోమన్నది ప్రభువే. మార్కు సువార్త 6వ అధ్యాయంలో ఉంది.

విశ్వాసుల వైపు నుంచి వచ్చే భయం ఒకటుంది, అది నిజమైన భయమే. ‘‘మంగళవారం ఫాదర్ గారు లేరు, నాన్న ఆఖరి ఘడియల్లో ఉన్నాడు, ఎవర్ని పిలవాలి?’’ చావుకు సెలవు రోజు తెలియదు. మన ఎండల్లో శవాన్ని ఎక్కువసేపు ఉంచలేరు, భూస్థాపన మర్నాటికి ఆగితే గొప్ప. దీనికి మాత్రం చట్టంలో దారి ఉంది. విచారణ కర్త లేనప్పుడు ఎవరు చూడాలో ఏర్పాటు చేయాల్సిన బాధ్యత 533వ సూత్రం మేత్రాణుల మీదే పెట్టింది. 1003వ సూత్రం ప్రకారం, తగిన కారణం ఉంటే ఏ గురువైనా, అక్కడి విచారణ కర్త ఒప్పుకుంటారని భావించి వ్యాధిగ్రస్తులకు అభ్యంగనం (తైలం పూసి చేసే సంస్కారం) ఇవ్వవచ్చు. పక్కపక్కనున్న రెండు విచారణల్లో ఒకరు సోమవారం, ఇంకొకరు మంగళవారం సెలవు తీసుకుని, రెండు గుళ్ల తలుపుల మీదా ఇద్దరి ఫోన్ నంబర్లు రాసి పెట్టుకోవడానికి రోమ్ నుంచి కొత్త ఆజ్ఞ ఏదీ రానక్కర్లేదు. మేత్రాణులు ఒక సర్క్యులర్ పంపితే చాలు.