బ్లెండెడ్ స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు: డ్యాష్‌బోర్డ్ పచ్చగా ఉంటే సరిపోదండీ

సగం యాప్‌లో, సగం టీచర్ ముందు నడిచే స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులు ఎలా ఉన్నాయో చూసి రిపోర్ట్ ఇవ్వడం నా పని. ఎక్కడికెళ్లినా ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: అందరూ వీడియోలన్నీ పూర్తి చేశారని డ్యాష్‌బోర్డ్ (ఎవరెంత చూశారో చూపించే యాప్ పేజీ) పచ్చగా చూపిస్తోంది, కోర్సు సూపర్.

వాస్తవం: వీడియో ఆన్ చేసి పక్కన అన్నం తినేవాళ్లు బోలెడుమంది (నేనూ చేశా). ఇంట్లో చూసింది క్లాసులో నోట్లోంచి వస్తోందా అన్నదే నేను చూస్తా. చాలాచోట్ల టీచర్ వచ్చి అదే పాఠం మళ్లీ మొదట్నుంచి చెప్తారు, ఇక చూసినోళ్లూ చూడనోళ్లూ ఒకటే, తర్వాతి వారం ఎవరూ చూడరు.

అపోహ: టీచర్ గడగడా మాట్లాడితే క్లాస్ బాగున్నట్టే.

వాస్తవం: నేను వెనక కూర్చుని ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కుతా. 60 నిమిషాల్లో టీచరే 40 మాట్లాడితే 16 మందికి మిగిలేది 20, వంతులవారీగా అయితే మనిషికి 75 సెకన్లు. అదే 20 నిమిషాలు జంటలుగా మాట్లాడిస్తే ఒక్కొక్కరికి 10 నిమిషాలు దొరుకుతాయి, పైసా ఖర్చు లేదు. ఇంకోటి, ప్రశ్న అడిగాక టీచర్ ఎంతసేపు ఆగుతున్నారు? మేరీ బడ్ రోవ్ అనే పరిశోధకురాలు సైన్స్ క్లాసుల్లో చూస్తే సగటున 1 సెకను దగ్గర్లో తేలింది, 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి. మరి పరాయి భాషలో వాక్యం కూర్చుకునేవాళ్లకి ఇంకెంత కావాలి!

అపోహ: యాప్ 90 మార్కులిచ్చింది, ఇంకేం కావాలి?

వాస్తవం: స్క్రీన్ మీది వాక్యం చదివితే వచ్చిన మార్కు అది. ఒకమ్మాయి సెల్ఫ్ ఇంట్రడక్షన్ అదరగొట్టింది, మధ్యలో ఆపి మీ అన్నయ్య ఏం చేస్తారని ఇంగ్లిష్‌లో అడిగితే కాసేపు చూసి మళ్లీ "మై నేమ్ ఈజ్" నుంచి మొదలెట్టింది. 2001లో వచ్చిన సీఈఎఫ్‌ఆర్‌లో (భాష ఎంత వచ్చో కొలవడానికి యూరప్‌లో తయారుచేసిన ప్రమాణం) మాట్లాడటాన్ని అయిదు రకాలుగా చూస్తారు, అందులో ఎదుటివాళ్లతో మాట కలపడం ఒకటి, అది చదివించి కొలిచేది కాదు.

అపోహ: ఫీడ్‌బ్యాక్‌లో అన్నీ 5 స్టార్లే.

వాస్తవం: నవ్వించే టీచర్‌కి ఎప్పుడూ 5 వస్తాయి. శిక్షణ ఎంత పనిచేసిందో కొలవడానికి కిర్క్‌పాట్రిక్ అనే ఆయన చెప్పిన నాలుగు మెట్లలో, నచ్చిందా లేదా అన్నది మొదటిది, అంతే.

మరి ఏం చెయ్యాలంటే, మొదటి వారం, చివరి వారం ఒక్కొక్కరి మాటలు రెండేసి నిమిషాలు రికార్డ్ చేయండి, కష్టం ఒకటే ఉండాలి గానీ టాపిక్ వేరేది ఇవ్వండి లేకపోతే బట్టీ పట్టేస్తారు. తేదీలు దాచి ఇద్దరికి విడివిడిగా వినిపించి ఏది ముందుదో అడగండి. ఒక కోర్సులో ఇలాగే చేస్తే సగం మంది రికార్డింగుల్లో ఏది ముందుదో నేనూ, విన్న ఇంకొకరూ తప్పు చెప్పాం, అంటే తేడా వినపడలేదన్నమాట, ఆ రిపోర్ట్ రాయడానికి నాకు వారం పట్టింది.