బొమ్మ లేకపోతే రూల్ లేదు: ఈ పట్టింపు ఎక్కడ మొదలైంది

బల్ల మీద యుద్ధాలాడే చిన్న బొమ్మల ఆటల్లో, ఆటగాడు కోసి అతికి మార్చిన బొమ్మని టోర్నమెంట్ బల్ల మీదికి రానివ్వాలా వద్దా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. ఈసారి వార్‌హామర్ బొమ్మలతో చిన్న దళాలుగా ఆడే కిల్ టీమ్ ఆటగాళ్ల మధ్య. బొమ్మ చేతిలో కత్తి తీసేసి గొడ్డలి అతికిస్తే దాన్ని ఏ ఆయుధం కింద లెక్కగట్టాలి? తల ఒక్కటీ ఇంట్లో రెసిన్ ప్రింటర్ మీద తీసిందైతే బొమ్మ మొత్తం చెల్లదా? ఒకచోట నిర్వాహకులు చూసీచూడనట్టు పోతారు, ఇంకోచోట తీసేయమంటారు. ఇదంతా ప్రింటర్లు తెచ్చిన తంటా అని కొత్తగా వచ్చినవాళ్లు అనుకుంటున్నారు. కానీ ప్రింటర్లు చవకబడి ఇళ్లలోకి రావడానికి చాలా ముందే, షికాగోలోని ఒక ఫెడరల్ కోర్టులో ఈ తగువుకి బీజం పడింది.

ఈ బొమ్మలూ ఆటలూ తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ 1975లో లండన్‌లో ఎలా పుట్టింది, దాని యుద్ధాల ఆట వార్‌హామర్ ఎలా పెరిగింది అన్నవి అందరికీ తెలిసినవే. ఇక్కడ ఒక్క సంగతి చాలు. 1980ల చివర్లో ఆ కంపెనీ సొంత పత్రిక వైట్ డ్వార్ఫ్, డియోడరెంట్ డబ్బాతో గాల్లో తేలే ట్యాంకు ఎలా చేసుకోవాలో పాఠకులకు స్వయంగా నేర్పింది. ఆ ట్యాంకుకి రూల్ ఉంది, బొమ్మ మాత్రం కంపెనీ దగ్గర లేదు. చేసుకోవడం ఆటగాడి పని. అందులో తప్పేమీ లేదని, పైగా సరదా అంతా అక్కడే ఉందని కంపెనీయే చెప్పేది.

ఆ పద్ధతి బాగా పండింది చిన్న దళాల ఆటల్లో. పెద్ద యుద్ధాల ఆటలో వంద బొమ్మలుంటాయి, ఒక్కొక్కదాని ముఖం ఎవరు చూస్తారు? స్కర్మిష్ ఆటలో, అంటే ఈ చిన్న దళాల ఆటలో, మీ దగ్గరుండేది పది పన్నెండు మంది. ప్రతి ఒక్కరికీ ఒక పేరు, ఒక కథ. 1999లో వచ్చిన మోర్డ్‌హైమ్ దీనికి అసలైన ఉదాహరణ. శిథిలమైన నగరంలో ముఠాలు కొట్టుకుంటాయి. ఆట అయ్యాక, పడిపోయిన హీరోకి ఏమైందో తేల్చడానికి పాచికలు వేసి గాయాల పట్టిక చూస్తారు. కాలు దెబ్బతినొచ్చు, ఒక కన్ను పోవచ్చు, చెయ్యి పాడవొచ్చు, మతే చలించొచ్చు. పట్టిక ఫలితం కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది. కానీ ఆ రాత్రే బొమ్మని మళ్లీ చేతిలోకి తీసుకుని, కన్ను పోయిన చోట చిన్న గంత కట్టేవాళ్లు ఎంతోమంది. తర్వాతి ఆటకి ఎదుటివాడు ఆ బొమ్మని చూడగానే పోయినసారి ఏం జరిగిందో గుర్తొచ్చి నవ్వేవాడు.

ఆ పని ఎలా ఉంటుందో దగ్గర్నించి చూడని వాళ్ల కోసం కాస్త చెప్పాలి. బొమ్మ ఎత్తు మూడు సెంటీమీటర్లకు అటూ ఇటూ. మోచేతి దగ్గర కోసి, రెండు వైపులా ఒక మిల్లీమీటరు డ్రిల్‌తో రంధ్రం చేసి, మధ్యలో సన్నటి ఇత్తడి తీగ దింపుతారు. అది లేకుండా ఒట్టి సూపర్ గ్లూతో అతికిస్తే మొదటిసారి బల్ల మీంచి పడగానే చెయ్యి ఊడిపోతుంది. తర్వాత గ్రీన్ స్టఫ్, అంటే కలిపి పిసికాక గట్టిపడే ముద్ద. నీలం పట్టీ ఒకటి, పసుపు పట్టీ ఒకటి, రెండూ సమానంగా తీసుకుని ఆకుపచ్చగా మారేదాకా పిసకాలి. పసుపు ఎక్కువైతే మెత్తగా సాగుతుంది, నీలం ఎక్కువైతే గట్టిగా అంచులు తేలుతుంది. కొండపల్లిలో పొణికి చెక్క బొమ్మకి చేతులూ కాళ్లూ విడిగా చెక్కి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికినట్టే ఇదీను. వేళ్లూ పనిముట్టూ తడిగా ఉంచుకోకపోతే ముద్ద బొమ్మని వదిలి వేలికి అంటుకుంటుంది. గంటా గంటన్నరలో మడతలు, బొచ్చు, కట్లు అన్నీ తీర్చిదిద్దేయాలి, ఆ తర్వాత అది మాట వినదు.

ఆ పైన ప్రైమర్, అంటే రంగులకి ముందు వేసే తొలి పూత. దీని గురించి ఇప్పటి గొడవలో ఎవరూ మాట్లాడరు కానీ అసలు కిటుకు ఇక్కడే ఉంది. బూడిద రంగు ప్లాస్టిక్ కాలు, వేరే కంపెనీ రెసిన్ తల, ఆకుపచ్చ ముద్దతో చేసిన కోటు, ఇత్తడి తీగ బల్లెం, వీటన్నిటి మీదా ఒకే నల్లటి పొర పడగానే అతుకులు మాయమై ఒకే మనిషి నిలబడతాడు. తర్వాత బేస్ రంగు, మడతల్లోకి జారే పల్చటి రంగు వాష్, అంచుల మీద దాదాపు ఎండిన కుంచెతో రుద్దే డ్రైబ్రష్. రంగు పూర్తయ్యాక ఏ ముక్క ఎవరి పెట్టెలోంచి వచ్చిందో చెప్పడం అనుభవం ఉన్న న్యాయనిర్ణేతకి కూడా సులువు కాదు. టోర్నమెంట్లలో ఇంత టెన్షన్ పుట్టేది అందుకే.

ఒకప్పుడు ఈ ముక్కలు కంపెనీయే అమ్మేది. కేటలాగులో నంబరు చూసి తల ఒకటి, చెయ్యి ఒకటి విడిగా తెప్పించుకునేవాళ్లు. బిట్స్ అనేవారు. తర్వాత ఆ సేవ ఆగిపోయింది. కానీ కోరిక ఆగలేదు కదా. ఆ ఖాళీలోకి చిన్న చిన్న వ్యాపారులు వచ్చారు. వాళ్లలో ఒకటి అమెరికాలోని చాప్టర్‌హౌస్ స్టూడియోస్. వార్‌హామర్‌లో కవచం తొడిగిన సైనికుడు స్పేస్ మెరీన్ భుజానికి తగిలించే షోల్డర్ ప్యాడ్లు, తలలు, మార్పిడి కిట్లు అమ్మేది. ఎవరి బొమ్మకి సరిపోతాయో దాచకుండా చెప్పి మరీ అమ్మేది.

2010 జనవరిలో గేమ్స్ వర్క్‌షాప్ టైరనిడ్లనే గ్రహాంతర రాకాసుల సైన్యానికి కొత్త కోడెక్స్, అంటే రూల్ పుస్తకం తెచ్చింది. అందులో టెర్విగన్ అనే ప్రాణి ఉంది. ఆట మధ్యలో పొట్టలోంచి చిన్న టెర్మగంట్లని కంటుంది కాబట్టి అందరికీ కావాల్సొచ్చింది. బొమ్మ మాత్రం లేదు. చేతనైనవాళ్లు కార్నిఫెక్స్ అనే ఇంకో టైరనిడ్ బొమ్మకి గ్రీన్ స్టఫ్‌తో వేలాడే పొట్ట పెట్టి, అందులోంచి బయటికొస్తున్న పిల్లల్ని అతికించారు. చేతకానివాళ్లకి చాప్టర్‌హౌస్ అదే కార్నిఫెక్స్‌కి తగిలించే రెసిన్ కిట్ అమ్మింది. కంపెనీ తన టెర్విగన్‌ని బయటికి తెచ్చింది 2012లో. రెండేళ్ల పాటు రూల్ అమ్మి బొమ్మ అమ్మకపోతే, ఆ రెండేళ్లూ ఆటగాడు ఏం చెయ్యాలి? ఈ ప్రశ్నకి కంపెనీ వైపు నుంచి సరైన జవాబు ఇప్పటికీ రాలేదు.

జవాబు బదులు 2010 డిసెంబర్‌లో దావా వచ్చింది. కాపీరైట్, ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన అంటూ చాప్టర్‌హౌస్ అమ్మే వందకు పైగా వస్తువుల మీద ఆరోపణలు. ఇంత చిన్న సంస్థ ఇలాంటి కేసులో మామూలుగా మొదటి నోటీసుకే చేతులెత్తేస్తుంది. ఇక్కడ అలా జరగలేదు. విన్‌స్టన్ అండ్ స్ట్రాన్ అనే పెద్ద లా ఫర్మ్ ఫీజు తీసుకోకుండా చాప్టర్‌హౌస్ తరఫున నిలబడింది. దాంతో తేలిగ్గా ముగుస్తుందనుకున్న కేసు జ్యూరీ దాకా వెళ్లింది. 2013 జూన్‌లో తీర్పొచ్చింది. కొన్ని ఆరోపణల్లో గేమ్స్ వర్క్‌షాప్ గెలిచింది, ఇంకెన్నిటిలోనో చాప్టర్‌హౌస్ బయటపడింది. కంపెనీకి దక్కిన పరిహారం 25,000 డాలర్లు, అప్పటి లెక్కన దాదాపు 15 లక్షల రూపాయలు. రెండున్నరేళ్లు నడిచిన కేసుకి అది లాయర్ల కాఫీ ఖర్చుకైనా వచ్చేదా అని అప్పట్లో జోకులు పేలాయి. తర్వాత అప్పీలు దశలో రాజీతో వ్యవహారం ముగిసింది.

డబ్బు సంగతి పక్కన పెడితే, ఆ విచారణలో ఒక బలహీనత బయటపడింది. పుస్తకంలో నాలుగు వాక్యాలు రాసి, బొమ్మ చెయ్యకుండా వదిలేస్తే, దాన్ని మొదట చెక్కినవాడిని ఆపడం కష్టం. 'స్పేస్ మెరీన్' లాంటి సాదా పేరు మీద హక్కు నిలబెట్టుకోవడమూ కష్టమే, ఆ మాట 1930ల నుంచే సైన్స్ ఫిక్షన్ కథల్లో తిరుగుతోంది.

ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా చూడండి. 2014 జనవరిలో వచ్చిన టైరనిడ్ కోడెక్స్‌లోంచి మైసెటిక్ స్పోర్, డూమ్ ఆఫ్ మలన్‌తాయ్, పారసైట్ ఆఫ్ మోర్‌ట్రెక్స్ మాయం. మూడింటికీ కంపెనీ బొమ్మలు లేవు. అదే ఏడాది డార్క్ ఎల్డార్ అనే ఇంకో సైన్యం పుస్తకంలోంచి ఆస్‌డ్రూబేల్ వెక్ట్ లాంటి పాత్రలు పోయాయి. మనుషుల సైన్యానికి ఇంపీరియల్ గార్డ్ అనే పాత పేరు పోయి ఆస్ట్రా మిలిటారమ్ వచ్చింది. తర్వాతి ఏళ్లలో డార్క్ ఎల్డార్ కాస్తా డ్రుకారి అయింది. పలకడానికి నోరు తిరగదు కానీ ట్రేడ్‌మార్క్‌కి మహా అనువు. మోర్డ్‌హైమ్‌తో సహా స్పెషలిస్ట్ గేమ్స్ అనే కంపెనీ చిన్న ఆటల అమ్మకాలు ఆగిపోయింది కూడా తీర్పు వచ్చిన 2013లోనే. ఈ ధోరణికి ఆటగాళ్లు పెట్టుకున్న పేరే 'నో మోడల్, నో రూల్స్'. పారసైట్ మళ్లీ పుస్తకంలోకి వచ్చింది 2022లో, సొంత ప్లాస్టిక్ బొమ్మ చేతబట్టుకుని.

కంపెనీ వైపు వాదన కూడా ఉంది. దుకాణంలో పదేళ్ల పిల్లాడు పుస్తకం కొని, అందులోని ప్రాణి ఏదని అడిగితే ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండాలి. బల్ల మీద ఎదుటివాడి బొమ్మ చూడగానే దాని చేతిలో ఏముందో తెలియాలి. సొంత బొమ్మలు చెక్కే శిల్పులకి జీతాలిచ్చేది కంపెనీయే. ఇవన్నీ న్యాయమైన మాటలే. కానీ ఇవి 1988లోనూ న్యాయమైనవే, అయినా అప్పుడు డియోడరెంట్ డబ్బాకి అడ్డు రాలేదు.

చిన్న దళాల ఆటకి దీని దెబ్బ బాగా తగిలింది 2021లో. ఆ ఏడాది వచ్చిన కిల్ టీమ్ కొత్త ఎడిషన్‌లో దళమంటే దాదాపుగా పెట్టే. ఓర్కులనే మొరటు గ్రహాంతరవాసుల్లో కమాండోల దళాన్నే తీసుకోండి. పెట్టెలో బర్నా బాయ్ ఒక్కడు, రోకిట్ బాయ్ ఒక్కడు, స్నైపా బాయ్ ఒక్కడు. దళంలోనూ అంతే. నా దగ్గర పాత ఓర్కులున్నాయి, వాళ్లలో ఇద్దరికి నిప్పు చిమ్మే తుపాకులు అతికించుకుంటానంటే కుదరదు. చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలున్న ఆ స్ప్రూ ఫ్రేమే ఇప్పుడు రూల్ పుస్తకం అయిపోయింది. పాత సైన్యాలతో ఆడుకోవడానికి వీలుగా అప్పుడు కాంపెండియం అని ఒకటిచ్చారు, 2024 ఎడిషన్‌లో ఆ దళాలు కూడా పోయాయి. అలా ఏళ్ల తరబడి కోసి, అతికి, రంగులేసుకున్న దళాలు ఒక్కసారిగా షెల్ఫు ఎక్కాయి. ఇవాళ టోర్నమెంట్లలో గొంతు పెంచి మాట్లాడుతున్నవాళ్లలో వీళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోపాన్ని మూర్ఖత్వం అనుకుంటే పొరపాటే.

ఇదంతా ఒకే దిశలో సాగిందని కూడా చెప్పలేం. 2017లో తిరిగొచ్చిన నెక్రోముండా అదే కంపెనీ ఆట. అందులో ముఠా సభ్యుడు సంపాదించుకున్న డబ్బుతో సంతలో ఆయుధాలు కొనుక్కోవచ్చు, వాటిలో సగం పెట్టెలో ఉండవు. అక్కడ బ్లేడూ గ్రీన్ స్టఫ్ లేకుండా ఆట సాగదు. అలాగే కంపెనీ పెట్టే గోల్డెన్ డెమన్ పెయింటింగ్ పోటీ 1987లో మొదలైంది. కంపెనీ సొంత బ్రాండు సిటాడెల్ బొమ్మే అయ్యుండాలి కానీ ఎంత మార్చినా, ఎంత కొత్తగా చెక్కినా అక్కడ మెచ్చుకుంటారు, బహుమతులూ ఇస్తారు. గాజు పెట్టెలో కళ అనిపించుకున్న పని, మ్యాట్ మీదికి దిగేసరికి వివాదం అవుతోందన్నమాట.

ఇక ప్రింటర్లు. 2018, 2019 నాటికి రెండు మూడు వందల డాలర్లకే ఇంట్లో పెట్టుకునే రెసిన్ యంత్రాలు వచ్చాయి. 0.05 మిల్లీమీటర్ల పొరలతో భుజం కవచం మీద చిహ్నం కూడా స్పష్టంగా తేలేంత పనితనం. చాప్టర్‌హౌస్ ఒక్కదాని మీద దావా వెయ్యొచ్చు. ఇంట్లో రాత్రికి రాత్రే నాలుగు తలలు తీసుకునే లక్షలమంది మీద వెయ్యలేరు. అందుకే పోరాటం కోర్టుల నుంచి ఈవెంట్ ప్యాకుల్లోకి, అంటే టోర్నమెంట్ షరతుల పత్రాల్లోకి మారింది. కంపెనీ సొంత కార్యక్రమాల్లో సిటాడెల్, దాని ఇంకో బ్రాండు ఫోర్జ్ వరల్డ్ బొమ్మలే ఉండాలన్నది షరతు. స్వతంత్ర టోర్నమెంట్లకి ఆ షరతు పెట్టుకోవాల్సిన అవసరం లేదు. అయినా కొందరు అదే ప్యాకు కాపీ కొట్టి పెట్టుకుంటున్నారు. ఇప్పుడు రాజుకున్న గొడవలో సగం ఇదే.

దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టినవాళ్లూ ఉన్నారు. మోర్డ్‌హైమ్ రూపకర్త తుఓమస్ పిరినెన్, చిత్రకారుడు మైక్ ఫ్రాంకినా తెచ్చిన ట్రెంచ్ క్రూసేడ్ అనే చిన్న దళాల ఆట 2024లో జనం దగ్గర ముందే డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ మీద 30 లక్షల డాలర్లకు పైగా సంపాదించింది. ప్రింట్ చేసుకునే ఫైళ్లు వాళ్లే అమ్మారు. చేతిలో ఉన్న ఏ కంపెనీ బొమ్మలనైనా మార్చి ఆడుకోమని వాళ్లే ప్రోత్సహించారు. అలా ఆడినా ఆటకి నష్టమేమీ రాలేదు.

ప్రస్తుతానికి చాలాచోట్ల నిర్వాహకులు అనుసరిస్తున్న పద్ధతి ఒకటుంది. మార్చిన బొమ్మల ఫోటోలు ముందే పంపించాలి. బేస్, అంటే బొమ్మ నిలబడే పీఠం, సైజు అసలు బొమ్మదే ఉండాలి. ఆయుధం చూడగానే తెలియాలి. ఒకే దళంలో ఒకే రకం మార్పు రెండు వేర్వేరు అర్థాలివ్వకూడదు. రంగు పూర్తిగా వేసుండాలి. తల ఎక్కడిది, చెయ్యి ఎక్కడిది అన్న ప్రశ్న ఆ జాబితాలో కనిపించదు. దాన్ని చేర్చాలా వద్దా అన్నదే ఇప్పుడు తేలాల్సింది.