మూడో దశ తప్పు మూడో దశదేనా?

రాకెట్‌లో రెండు దశలు బాగానే పనిచేసి మూడోది చెడితే, తప్పు మూడోదానిదే కదా అని ఒక పాఠకుడు అడిగారు. నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది.

2021 ఆగస్టు 12 తెల్లవారుజామున 5:43కి శ్రీహరికోట నుంచి ఇస్రో మూడు దశల రాకెట్ జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 లేచింది. రెండు దశలూ అనుకున్నట్టే మండాయి. మూడో దశలోని క్రయోజెనిక్ ఇంజన్ (అతి చల్లటి ద్రవ హైడ్రోజన్ ఇంధనంతో నడిచేది) మాత్రం వెలగలేదు. ఈఓఎస్-03 ఉపగ్రహం పోయింది. ఇలాంటప్పుడు ముహూర్తం మీదకు నెట్టేస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే అసలు కారణం చేత్తో పట్టుకోగలిగేది. ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో ఒత్తిడి ఎక్కువైతే వదిలే వాల్వ్ లీకైంది. అందులోని మెత్తటి సీల్ దెబ్బతిని ఉండవచ్చని విచారణ కమిటీ చెప్పింది. ఎగురుతుండగా ట్యాంకులో ఒత్తిడి పెరగాల్సినంత పెరగలేదు. దాంతో హైడ్రోజన్‌ను ఇంజను వైపు తోయడానికి ట్యాంకు లోపలున్న బూస్టర్ పంపు సరిగ్గా నడవలేదు, ఇంజనుకు చాలినంత హైడ్రోజన్ అందలేదు.

కుక్కర్ గాస్కెట్‌కు సన్నటి పగులు ఉందనుకోండి. బియ్యం కడిగేటప్పుడు తెలియదు, మూత పెట్టేటప్పుడూ తెలియదు. విజిల్ రావాల్సిన వేళకు మూత చుట్టూ ఆవిరి బుసబుసమంటుంది. మొదటి రెండు దశలకు ఆ హైడ్రోజన్‌తో పనే లేదు. అందుకే లోపం నోరు మెదపకుండా వాటితోపాటే ప్రయాణం చేసింది.

లెక్కలో ఇది ఎంత మోసం చేస్తుందో చూడండి. రాకెట్‌ను పక్కనపెట్టి, రెండు దశల్లో పనిచేసే ఒక యంత్రాన్ని ఊహించుకోండి, దానికి రెండు పంపులున్నాయి. ఒక్కో దశను ఒక్కో పంపు దాటే అవకాశం 0.9. మొదటి దశకు ఏదో ఒకటి చాలు: 0.99. రెండో దశకు రెండూ కావాలి: 0.81. క్లాసులో అలవాటుగా చేసినట్టు గుణిస్తే దాదాపు 0.80 వస్తుంది. అది తప్పు! మొదటి దశలో ఒక పంపు ఆగినా పని జరుగుతుంది, కానీ ఆగిన పంపు రెండో దశలో మళ్లీ లేచి కూర్చోదు. రెండు పంపులూ రెండు దశలూ దాటాలి: 0.9ను నాలుగుసార్లు గుణిస్తే 0.6561. ఎనభై అనుకున్నది అరవై ఆరుకు పడిపోయింది. దశల లెక్క వేరువేరుగా వేయకూడదని, ప్రతి భాగం చరిత్రనూ మొదటి నుంచి చివరిదాకా వెంబడించాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

కమిటీ సూచనలూ ఆ దారిలోనే ఉన్నాయి: వాల్వును గట్టిపరచాలి, ఇంజన్ వెలిగేముందు ట్యాంకు ఒత్తిడిని పెంచే ఏర్పాటు ఉండాలి, రాకెట్ లేవడానికి అనుమతిచ్చే ముందే క్రయోజెనిక్ దశ కొలతలను ఆటోమేటిక్‌గా గమనించాలి. 2023 మే 29న అదే రకం రాకెట్ జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్12 లేచింది. ఈసారి మూడో దశ వెలిగింది, ఎన్‌వీఎస్-01 ఉపగ్రహం కక్ష్యకు చేరింది.