విద్యార్థి చేసిన ప్రాజెక్టు ఎవరిది?

బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టు అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది హైదరాబాద్ అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే సెంటర్లు. మెట్ల పొడవునా పోస్టర్లు, పైకెళ్తే టైటిళ్ల లిస్టు. నలుగురూ కలిసి ఒకటి ఎంచుకుని డబ్బు కడితే కోడ్, డాక్యుమెంటేషన్, వైవాలో అడిగే ప్రశ్నలు, వాటి జవాబులు అన్నీ చేతికొస్తాయి. మా బ్యాచ్ పుస్తకం ఇప్పటికీ ఇంట్లో ఉంది. నల్ల అట్ట, దాని మీద బంగారు అక్షరాలు. లోపల సర్టిఫికెట్ పేజీలో పేర్లు తప్ప మాది అనదగ్గ వాక్యం ఒక్కటీ లేదు.

దీన్ని పిల్లల బద్ధకం అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. సొంతంగా ఏదైనా తయారు చేస్తే అది ఎవరిదవుతుంది, దానికి పట్టే టైమ్ ఎక్కణ్నుంచి తేవాలి? ఈ రెండు ప్రశ్నలకూ మన కాలేజీల్లో చాలా ఏళ్ల పాటు జవాబే లేదు.

చదువుకున్నవాళ్లను సొంత పరిశ్రమల వైపు మళ్లించాలని కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ 1982లోనే ఒక బోర్డు పెట్టింది. కానీ క్లాసులో కూర్చున్నవాళ్ల సంగతి అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

దారి పడింది మద్రాస్ ఐఐటీలో. ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం 1990ల్లో పూర్వ విద్యార్థుల కంపెనీలతో కలిసి, ఇంటిదాకా తీగ లాగకుండానే ఫోన్ కనెక్షన్ ఇచ్చే కార్‌డెక్ట్‌ను తయారు చేసింది. 2008లో అక్కడే విద్యార్థులు నడుపుకునే సెంటర్ ఫర్ ఇన్నోవేషన్ మొదలైంది. డబ్బు పెట్టింది 1981 బ్యాచ్ పూర్వ విద్యార్థులు. ఆలోచన ఉన్నవాళ్లు ఎవరైనా వెళ్లి, అక్కడి పనిముట్లతో రాత్రిళ్లు కూడా పని చేసుకోవచ్చు. 2010లో ఆ పక్కనే కంపెనీలు, పరిశోధకులు కలిసి పని చేసే రీసెర్చ్ పార్క్ వచ్చింది. ఒక విద్యాసంస్థ ఆధ్వర్యంలో దేశంలో అదే మొదటిది. 2013లో కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే ఇన్‌క్యుబేషన్ సెల్ పెట్టారు.

ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ ఏథర్ పుట్టింది ఆ ఏడాదే. అక్కడే చదువుకున్న తరుణ్ మెహతా, స్వప్నిల్ జైన్ ముందు స్కూటర్లకు బ్యాటరీ ప్యాక్ చేద్దామనుకున్నారు. తీరా చూస్తే ఆ బ్యాటరీ పెట్టడానికి తగిన బండే మార్కెట్లో లేదు. దాంతో బండే తయారు చేయడానికి కూర్చున్నారు. అది జనం చేతికొచ్చేసరికి 2018 అయింది. అంటే ఐదేళ్లు. అదే క్యాంపస్‌లో 2017లో మొదలైన రాకెట్ల కంపెనీ అగ్నికుల్‌కు ఏడేళ్లు పట్టింది. త్రీడీ ప్రింటర్‌తో ఒకే ముక్కగా చేసిన ఇంజిన్‌తో వాళ్ల రాకెట్ 2024 మే 30న మన శ్రీహరికోట నుంచి ఎగిరింది. నాలుగు నెలల్లో ప్రాజెక్టు ముగించి బైండింగ్‌కు ఇమ్మనే కాలేజీలో ఇలాంటి పని ఎలా సాగుతుంది?

ఇక హక్కు ఎవరిదనే ప్రశ్న. అమెరికాలో ప్రభుత్వ నిధులతో చేసిన ఆవిష్కరణల మీద హక్కు యూనివర్సిటీలే ఉంచుకోవచ్చని 1980లో చట్టం వచ్చింది. అదే దారిలో మన దగ్గర 2008 డిసెంబర్‌లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు. దాని మీద చాలా విమర్శలొచ్చాయి. అది చట్టం కాకుండానే వెనక్కి వెళ్లిపోయింది.

తర్వాత స్టార్టప్ గాలి వీచింది. 2015 నవంబర్‌లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఆవరణలో స్టార్టప్‌లకు చోటిచ్చే టీ-హబ్, 2016 జనవరిలో కేంద్రం పథకం స్టార్టప్ ఇండియా మొదలయ్యాయి. రూల్స్ స్పష్టంగా కాగితం మీదికి వచ్చింది మాత్రం 2019 సెప్టెంబర్‌లో, కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ (ఇప్పటి విద్యాశాఖ) ఇచ్చిన జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ పాలసీతో. కాలేజీ డబ్బు, వనరులు వాడకుండా, సిలబస్‌తో సంబంధం లేకుండా చేసిన ఆవిష్కరణ చేసినవాళ్లదే అని అందులో ఉంది. కాలేజీ చోటు, సాయం వాడుకుంటే స్టార్టప్‌లో 2 నుంచి 9.5 శాతం దాకా వాటా కాలేజీ తీసుకోవచ్చు. మినీ ప్రాజెక్టు, మేజర్ ప్రాజెక్టు బదులు సొంత స్టార్టప్ పనే చూపించొచ్చు. అనుమతి తీసుకుంటే అటెండెన్స్ తగ్గినా పరీక్ష రాయొచ్చు, కావాలంటే మధ్యలో సెమిస్టరో ఏడాదో ఆగి మళ్లీ వచ్చి చేరొచ్చు.

నా దృష్టిలో వీటన్నిటిలోకీ విలువైనది అటెండెన్స్ మాటే. కానీ ఇది చట్టం కాదు, మార్గదర్శకం. ప్రతి కాలేజీ తన పాలసీ తాను రాసుకోవాలి. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో చదివే పిల్లలను అడగండి. అటెండెన్స్ 75 శాతం లేకపోతే ఆ లోటు మన్నించడానికి కట్టే కండోనేషన్ ఫీజు, 65 కూడా లేకపోతే డిటెయిన్, అంటే పరీక్ష రాయనివ్వరు. ఈ అంకెలు వాళ్లకు కంఠతా వచ్చు. థర్డ్ ఇయర్‌లో బ్రెడ్‌బోర్డు మీద సర్క్యూట్ పెట్టుకుని హెచ్‌ఓడీ గది బయట నిలబడ్డ అమ్మాయికి తెలిసింది ఆ రూలొక్కటే. మినహాయింపు అడిగే వీలుందని, దానికి ఎవరికి అప్లికేషన్ పెట్టాలో చెప్పే కాగితం ఆ గది పక్కనున్న నోటీసు బోర్డు మీదే, కండోనేషన్ లిస్టు పక్కనే ఉండాలి.