మగపిల్లల గొంతు మారే వయసు: కొన్ని అపోహలు, వాస్తవాలు

కడపలో రోజుకూలీల, ఆటో డ్రైవర్ల, ఇళ్లలో పనిచేసే తల్లుల పిల్లలకు మేము సాయంత్రం పూట ఉచితంగా పాట, హార్మోనియం, డోలక్ నేర్పుతున్నాము. పాఠం అయ్యాక బడి పాఠాలు కూడా చదివించి, గుప్పెడు ఉడికించిన శనక్కాయలు పెట్టి పంపుతాము. బడులు తెరిచిన నెలా రెండు నెలల్లో ఎవరో ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని వచ్చి ఏటా ఇదే మాట చెబుతుంది: "సార్, మావానికి గొంతు పోయింది. ఇంగ పాట ఎందుకులే, షెడ్డులో పనికి పెడ్తాం."

అపోహ: పిల్లవాడి గొంతు చెడిపోయింది. ఐస్ తిన్నాడని ఒకరు, దిష్టి తగిలిందని మరొకరు, మేమే ఎక్కువగా పాడించామని ఇంకొకరు అంటారు.

వాస్తవం: సాధారణంగా 12 నుంచి 15 ఏళ్ల మధ్య మగపిల్లల స్వరపేటిక పెరుగుతుంది, కంఠం ముందు ఉబ్బెత్తుగా కనిపించేది అదే. స్వరతంత్రులు పొడవై, మందమై, గొంతు దాదాపు ఒక స్థాయి (ఏడు స్వరాల మేర) కిందికి దిగుతుంది. కొత్త కొలతలకు కండరాలు అలవాటు పడేదాకా పై షడ్జం (పై 'స') అందదు, మాట మధ్యలో గొంతు కీచుమంటుంది, నిన్న పలికిన స్వరం ఈరోజు జారిపోతుంది. కొందరికి ఇది కొన్ని నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఆడపిల్లల గొంతు కూడా రెండు మూడు స్వరాల మేర దిగుతుంది. కాని తేడా స్వల్పం కనుక ఎవరూ పట్టించుకోరు.

మిగిలిన అపోహలన్నిటికంటే దీని మీదనే నాకు ఎక్కువ కోపం, ఎందుకంటే ఇది సరిగ్గా ఎనిమిది, తొమ్మిది తరగతుల వయసులో వస్తుంది. పాట మానేసిన పిల్లవాడికి సాయంత్రం మా గదికి రావడానికి కారణం పోతుంది, దానితో పాటే ఇక్కడ చదువుకునే గంట కూడా పోతుంది, ఆ తర్వాత బడికి నాగాలు మొదలవుతాయి.

ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. తరగతి మొదలుపెట్టిన కొత్తలో, అయిదు శ్రుతిలో (శ్రుతి అంటే పాటకు ఆధారంగా పట్టుకునే స్వరం, అంకె తగ్గేకొద్దీ గొంతు కిందికి) అద్భుతంగా పాడే ఒక పిల్లవాడిని వార్షికోత్సవంలో అదే శ్రుతిలో పాడమన్నాను. అప్పటికి రెండు వారాలుగా వాడు సాధనలో గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు, నేను జలుబనుకున్నాను. చరణం ఎత్తుకోగానే గొంతు విరిగింది, ముందు వరుసలో వాడి వయసు పిల్లలే పగలబడి నవ్వారు. వాడు మైకు కింద పెట్టి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఇప్పుడు సెంట్రింగ్ పని చేస్తున్నాడు. దారిలో కనబడితే నమస్కారం పెడతాడు కాని పాట ఊసు ఎత్తడు.

అప్పటి నుంచి నెలకోసారి ప్రతి పిల్లవాడి శ్రుతిని చూసి అతని నోటు పుస్తకం చివరి పుటలో రాస్తున్నాము. ఫోనులో తంబూరా యాప్ పెట్టి, ఏ శ్రుతిలో సరళీ వరుసలు (సంగీతంలో తొలి పాఠాలు) ఒత్తిడి లేకుండా వస్తాయో అక్కడ ఆగుతాము. తారస్థాయిని (పై స్వరాలను) పూర్తిగా వదిలేసి, అందే అయిదారు స్వరాలలోనే నెమ్మదిగా పాడిస్తాము. అస్సలు పలకని రోజున ఆ పిల్లవాడు తాళం వేస్తాడు, లేదా డోలక్ దగ్గర కూర్చుంటాడు. తరగతికి మాత్రం రావలసిందే.

వస, మిరియాల కషాయం, పచ్చిగుడ్డు వంటివి ఎదిగే స్వరపేటికను ఆపలేవు. వాటి కోసం డబ్బు ఖర్చు పెట్టవద్దు. అరవకుండా ఉండటం, నీళ్లు బాగా తాగడం చాలు. జలుబు లేకుండానే బొంగురు మూడు నాలుగు వారాలు దాటినా, నొప్పి ఉన్నా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి.

పాట నేర్చుకోవడం గురించి మిగిలిన అపోహలు త్వరగా చెబుతాను. సంగీతం నేర్పితే మార్కులు పెరుగుతాయన్న ప్రచారానికి మూలం 1993లో అమెరికాలో జరిగిన ఒక చిన్న అధ్యయనం. అందులో పాల్గొన్నవారు కాలేజీ విద్యార్థులు, వారు మొజార్ట్ సంగీతాన్ని 10 నిమిషాలు విన్నారు, కనబడిన ప్రభావం పావుగంటకు మించి నిలవలేదు. మార్కుల హామీ నేను ఇవ్వను. అప్పు చేసి కీబోర్డు కొనవద్దు, మొదటి ఏడాది తరగతిలోని హార్మోనియం చాలు. టీవీలో పాడిస్తామని డబ్బు అడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇక "మా మతానికి సరిపడుతుందా" అని అడిగేవారికి: పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీకి డోలక్ పట్టే ఇంటి పిల్లవాడు మా దగ్గర మాయామాళవగౌళ రాగంలో జంట స్వరాలు పాడుతున్నాడు. ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లే ఊరిలో ఈ సందేహం ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

ఈ ఏడాది వచ్చిన తల్లి కూడా షెడ్డు మాటే ఎత్తింది. నేను వాదించకుండా నిరుడు అదే మాటతో వచ్చిన మరో పిల్లవాడి నోటు పుస్తకం తెరిచి చివరి పుట చూపించాను: 5, 4, 3, 2½, తర్వాత మూడు నెలలు వరుసగా 1½. ఆ పిల్లవాడిని పిలిచి పాడమన్నాను. ఆమె కాసేపు విని, "ఇది మగోని గొంతు కదా సార్" అని, కొడుకు సంచిని గోడ మేకుకు తగిలించి వెళ్లింది.